సముద్రానికి వీపు పెట్టినాయన

ఆయన పోయిన రెండు వారాలకు, కెనడాలో మేముండే కనాటాలో కమ్యూనిటీ హాలు తీసుకుని సంతాపసభ పెట్టారు. మాట్లాడినవాళ్ళు అందరూ బాగానే మాట్లాడారు. చివర్లో మా పాత డైరెక్టరు మైకు అందుకుని, "పని మీద ఇరవై దేశాలు తిరిగి, ప్రపంచాన్ని కళ్ళారా చూసిన మనిషి" అన్నాడు. ఆ "కళ్ళారా" దగ్గర నాకు నవ్వొచ్చింది. ఆపుకోబోతే దగ్గొచ్చింది. దగ్గితే కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. పక్క కుర్చీలో ఉన్నావిడ నా వీపు నిమిరి, మంచినీళ్ళ సీసా చేతిలో పెట్టి, "ఊరుకోండి, మీరిద్దరూ అన్నదమ్ముల్లా ఉండేవారు" అంది. నా నవ్వు అలా ఏడుపుగా చెలామణి అయిపోయింది.

తిరిగిన మాట నిజమే. చూసిన మాటకు మాత్రం నేను పూచీ పడలేను. ఒక ఊళ్ళో అయితే ఆయన ఏమీ చూడలేదనడానికి నేనే ప్రత్యక్ష సాక్షిని. శనివారం, ఆదివారం రెండు రోజులూ పక్కనే ఉండి, ఆయన చూడకపోవడాన్ని కళ్ళారా చూశాను.

ఆయన మా ఆఫీసులో నా పైవారు, రేడియో ఇంజనీరు. సెల్ టవర్ల మీద బిగించే యాంటెన్నాలే ఆయన లోకం. కనాటాలో జనవరి నెలలో మనుషులు జారిపడకుండా కాళ్ళు చూసుకుంటూ నడుస్తారు. ఆయన మేడల కప్పులు చూసుకుంటూ నడిచేవారు. అందుకని చలికాలానికి రెండుసార్లయినా పడేవారు. పడ్డచోటి నుంచే వేలు పైకెత్తి, "అదుగో నాయనా, ఆ మూల మీదవాడు రెండు డిగ్రీలు వంగాడు" అనేవారు. లేవదీయడానికి వెళ్ళినవాడు ముందు ఆ రెండు డిగ్రీలూ ఒప్పుకుంటే గాని చెయ్యి ఇచ్చేవారు కారు.

మనుషుల్ని కూడా ఆ కొలతతోనే కొలిచేవారు. మాటలు జాస్తి, పని నాస్తి అయినవాణ్ణి "సిగ్నల్ ఫుల్లు, సర్వీసు నిల్లు" అనేవారు. నాకు ప్రమోషన్ రావడానికి ఆరేళ్ళు పట్టింది గాని, ఈ బిరుదు రావడానికి ఆరు రోజులు చాలాయి.

ఇంకో జబ్బు మొక్కులు. దేవుడికి బొత్తిగా సంబంధం లేని మొక్కులు. "ఈ బగ్గు తేలేదాకా కాఫీ ముట్టను" అని సోమవారం పొద్దున మీటింగులో ప్రకటించేవారు. కాఫీ తాగని ఆయనతో ఒక గదిలో కూర్చోవడం ఎవరి తరమూ కాదు గనక, మిగిలినవాళ్ళం పనులన్నీ మానుకుని ఆ బగ్గు మీద పడేవాళ్ళం. మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో లేని ఈ పద్ధతితో ఆయన చాలా ప్రాజెక్టులు గట్టెక్కించారు. అసలు మొక్కు దగ్గర మాత్రం దొంగదారి తొక్కారని ఆయన భార్య ఫిర్యాదు. కాశీకి వెళ్ళినవాళ్ళు ఇష్టమైనదేదో అక్కడ వదిలేసి రావాలి కదా. ఈయన కాకరకాయ వదిలేసి వచ్చారట. "పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి కాకరకాయ తినలేదు తమ్ముడూ. గంగమ్మనే మోసం చేశారు" అని ఆవిడ నాతో కనీసం పదిసార్లు అని ఉంటారు.

ఆవిడ ఒంగోలు దగ్గర ఒక హైస్కూల్లో పన్నెండేళ్ళు సోషల్ చెప్పారు. కనాటా తెలుగువాళ్ళందరికీ ఇప్పటికీ టీచరుగారే. ఇక్కడ డేకేర్‌లో పనిచేస్తారు. అల్లరి చేసిన నాలుగేళ్ళ పిల్లల్ని నిలబెట్టి ఖండాల పేర్లు చెప్పిస్తారని ప్రతీతి. మధ్యధరా శీతోష్ణస్థితి అంటే ఆవిడకి ప్రాణం. వేసవి పొడి, చలికాలం వాన, ఆలివ్, ద్రాక్ష, నారింజ. పుస్తకం వంక చూడకుండా, సుద్దముక్క ఎత్తకుండా, ఆ సముద్రం ఒడ్డంతా ఒకే గీతలో బోర్డు మీద గీసేవారట. చూడకుండా గీసిన దాన్ని ఒక్కసారి చూసి రావాలని ఆవిడ కోరిక.

ఆ కోరిక తీరే రోజు కంపెనీ ఖర్చుతో వచ్చింది. ఫ్రాన్సు దక్షిణాన, ఆ సముద్రం ఒడ్డునే, మార్సే అని పెద్ద రేవుపట్నం. అక్కడి కస్టమరు దగ్గర మా ఇద్దరికీ వారం రోజుల పని పడింది. పని మొదలయ్యేముందు ఒక వారాంతం ఖాళీ. టీచరుగార్ని కూడా తీసుకెళ్దామని ఆయన ఎగిరి గంతేశారు. ఆయనది కెనడా పాస్‌పోర్టు. ఆవిడ సిటిజన్‌షిప్‌కి అప్లై చేయడం "వచ్చే ఏడు" అంటూ వాయిదా వేసుకుంటూ వచ్చారు గనక ఇంకా ఇండియా పాస్‌పోర్టే. వీసాకి అపాయింట్‌మెంట్ దొరికింది. ఎటొచ్చీ అది మేం తిరిగి వచ్చేసిన రెండు వారాల తర్వాతి తేదీకి.

బయల్దేరే రోజు ఆయన్ని కారులో ఎక్కించుకుందామని వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన వంటింటి గుమ్మంలో సూట్‌కేసు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆవిడ పొయ్యి వైపు తిరిగి ఉన్నారు.

"నువ్వు చూసేదాకా నేను చూడను టీచరూ" అన్నారాయన.

"ఎవరు చూడమన్నారు, ఎవరు మానమన్నారు? మీ ఇష్టం."

పెళ్ళయినవాళ్ళకి చెప్పక్కర్లేదు. "మీ ఇష్టం" అన్నప్పుడు అందులో మీదీ ఉండదు, ఇష్టమూ ఉండదు.

"ఆ సముద్రం, ఆ ఊరు, అన్నీ. నువ్వు పక్కన లేకుండా ఒక్కటి చూస్తే ఒట్టు."

"ఇదీ కాకరకాయ లాంటిదేనా?"

"కాదు. ఈసారి ఇష్టమైనదే వదిలాను" అని ఆయన సూట్‌కేసు ఎత్తారు.

ఏదో విమానం ఎక్కేముందు మాటలే అనుకున్నాను. శుక్రవారం సాయంత్రం మార్సే పాత రేవు ఒడ్డున హోటల్లో దిగాక గాని సంగతి అర్థం కాలేదు. గదిలోకి వెళ్ళిన మనిషి వెళ్ళినట్టే వెనక్కొచ్చి, "నాయనా, కిటికీలోంచి సముద్రం కనపడుతోంది. మార్పించు" అన్నారు.

నా ఫ్రెంచి అంతా కార్న్‌ఫ్లేక్స్ డబ్బాల మీద నేర్చింది. కెనడాలో ప్రతి డబ్బా మీదా రెండు భాషలుంటాయి గనక, అది పదిహేనేళ్ళ టిఫిన్లు మిగిల్చిన పాండిత్యం. పాలు, పంచదార, పీచుపదార్థం, పొడిగా ఉన్న చోట భద్రపరచవలెను. వీటి మీద ఎంతసేపైనా మాట్లాడగలను. కౌంటర్లో అమ్మాయి నా ప్రసంగం ఓపిగ్గా విని, ఇంగ్లీషులోకి మారింది.

"సముద్రం కనపడే గదే కదా ఇచ్చాను?"

"కనపడనిది కావాలి."

"శబ్దం ఇబ్బందా? వాసనా?"

"కాదు. ఆయనకి పెళ్ళయింది" అన్నాను.

ఆ అమ్మాయికి అది చాలింది. మారుమాట లేకుండా వెనక సందు వైపు గది తాళం ఇచ్చింది. కిటికీ తీస్తే ఎదురుగా గోడ, గోడ కింద చెత్తడబ్బాలు. ఆయన రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని తృప్తిగా చూసి, "వ్యూ దివ్యంగా ఉంది" అన్నారు.

శనివారం పొద్దున్నుంచి నా ఉద్యోగం మారిపోయింది. "నీళ్ళెటు?" అని అడిగేవారు. ఎడమ అంటే ఆయన కుడికి తిరిగేవారు. కుడి అంటే ఎడమకి. రోడ్డు తిన్నగా సముద్రంలోకే పోతుంటే నా భుజం పట్టుకుని వెనక్కి నడిచేవారు. ఊరు చూపించాల్సిన నేను ఆయనకి ఊరు కనపడకుండా చూసే కాపలాదారునయ్యాను. మధ్యధరా అని పేరు విని ధరలు మధ్యస్థంగా ఉంటాయనుకున్న నాకు, రెండు కాఫీల బిల్లు చూశాక భూగోళం మీద నమ్మకం పోయింది. ఆయన ఆ బిల్లు మాత్రం తనివితీరా చూశారు. అది చూడకూడని వాటి జాబితాలో లేదట.

జాబితాకి నియమాలు ఆయనే పెట్టుకున్నారు. రేవు గట్టు మీద పొద్దున్నే పడవల్లోంచి దించి చేపలు అమ్ముతుంటే, నీళ్ళకి వీపు పెట్టి నిలబడి ప్రతి చేపనీ పరామర్శించారు.

"చేపలు సముద్రం కిందికి రావా గురువుగారూ?" అన్నాను.

"నీళ్ళలో ఉన్నంతసేపే. బయటికి తీశాక కూర కిందికి వస్తుంది."

యాంటెన్నాలకీ మినహాయింపే. "అది సైట్ సీయింగ్ కాదు నాయనా, సైట్ సర్వే" అన్నారు. దాంతో వేల ఏళ్ళ నాటి రేవుపట్నంలో మేం పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఏడు యాంటెన్నాలు చూశాం. అందులో ఒకటి పొగగొట్టంలా రంగు వేసుకుని దాక్కుంది. దాన్ని పట్టుకున్నప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. మధ్యమధ్యలో నాచేత ఫోటోలు తీయించుకుని టీచరుగారికి పంపేవారు. ఆయన, వెనక ఒక షట్టరు. ఆయన, వెనక ఒక గోడ. "గోడలు చూడ్డానికి సముద్రాలు దాటాలా" అని అక్కణ్ణుంచి జవాబు వచ్చేది. ఆ జవాబు నాకు రెండుసార్లు చదివి వినిపించారు. ఆవిడ నవ్వుతూ రాసిందో, మనసు కష్టపెట్టుకుని రాసిందో తేల్చుకోవడానికి. నాకూ తేలలేదు.

మధ్యాహ్నం ప్రమాదం జరిగింది. రేవు మొదట్లో సన్నటి స్తంభాల మీద ఒక పెద్ద పందిరి ఉంది. ఎండకి దాని కింద నిలబడ్డాం. ఆయన పద్ధతి ప్రకారం నీళ్ళకి వీపు పెట్టారు. అలవాటు ప్రకారం తల పైకెత్తారు. ఆ పందిరి కప్పు లోపలివైపంతా తళతళలాడే అద్దం. రేవు, పడవలు, తెరచాప కొయ్యలు, జనం, అన్నీ తలకిందులుగా వేలాడుతున్నాయి. వేడి పెనం తగిలినట్టు తల దించేశారు.

"చూసేశారు" అన్నాను. దాచడమెందుకు, కొంచెం సంతోషంగానే అన్నాను.

"చూడలేదు. కనపడింది."

"చవితి చంద్రుణ్ణి పాలల్లో చూసినా దోషమేనంటారు గురువుగారూ. ఇది అంత పెద్ద అద్దం."

ఆయన మొహంలో నిజంగానే దిగులు వచ్చింది. అక్కడికక్కడే టీచరుగారికి ఫోన్ చేసి, నేరం ఒప్పుకుని, తీర్పు అడిగారు. కనాటాలో అప్పటికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ఆవిడ నిద్రగొంతుతో, "అద్దంలో అంతా తారుమారుగా ఉంటుంది. అలాంటి ఊరు ఏ పటంలోనూ లేదు. చెల్లదు. పెట్టేయండి" అన్నారు. ఆయన గుండెల నిండా గాలి పీల్చుకుని, "టీచరంటే టీచరే" అన్నారు.

ఆదివారానికి నేనొక పన్నాగం పన్నాను. ఆ ఊళ్ళో ఎక్కడ నిలబడ్డా కొండ మీద చర్చి, దాని గోపురం మీద బంగారు రంగు మేరీమాత కనపడతారు. సందులో దూరినా తప్పించుకోలేం. మొదటిరోజే ఆయన దానికో దారి కనిపెట్టారు. "అమ్మవారిని చూడటం చూడటం కాదు, దర్శనం" అని కనపడ్డప్పుడల్లా దణ్ణం పెట్టారు. అయితే పైకే వెళ్ళి దర్శనం చేసుకుందాం రమ్మన్నాను. కొండ మీద చర్చి చుట్టూ ఉన్న వసారాలోంచి ఊరూ సముద్రమూ ఒక్క చూపులో కనపడతాయని నేను ముందే చదువుకున్నాను. అది మాత్రం చెప్పలేదు. పెళ్ళాం మీద ప్రేమ ఎంత ఉన్నా, అంత సముద్రాన్ని వెనకేసుకుని మనిషి ఎంతసేపు నిలబడగలడో చూడాలని నా కొంటెతనం.

మెట్లు లెక్కపెట్టుకుంటూ, కాళ్ళు చూసుకుంటూ ఎక్కారు. ఆయన అలా నడవడం నేను అదే మొదటిసారి చూడటం. లోపల చర్చి కప్పు నుంచి తీగలకి చిన్న చిన్న బొమ్మ ఓడలు వేలాడుతున్నాయి. తుఫాను దాటి బతికి వచ్చిన నావికులు చెల్లించిన మొక్కులట. ఆయన వాటి కింద చాలాసేపు తలెత్తి నిలబడి, "మనవాళ్ళే" అన్నారు.

బయట వసారాలోకి రాగానే గాలి కొట్టింది. ఎదురుగా సముద్రం. నేను అంత నీలం ఎప్పుడూ చూడలేదు. ఆయన గిరుక్కున చర్చి గోడ వైపు తిరిగిపోయారు. ముక్కు రాయికి ఆనేంత దగ్గరగా నిలబడి, ఫోను తీసి టీచరుగారికి వీడియో కాల్ కలిపి, కెమెరా అటు తిప్పి, ఫోనుని భుజం మీదుగా వెనక్కి పట్టుకున్నారు.

"కనపడుతోందా?"

అవతల్నుంచి మాట లేదు. సిగ్నల్ పోయిందేమోనని నేను చూశాను. సిగ్నల్ బాగానే ఉంది. ఆవిడే మాట్లాడటం లేదు. కాసేపటికి బడి గొంతు అందుకున్నారు.

"ఆ తెల్లటి కొండలు సున్నపురాయి. కొంచెం ఎడమకి తిప్పండి. మరీ అంత కాదు. ఆ దీవుల మీద చెట్లు ఎందుకు లేవో చెప్పండి."

"నాకేం తెలుసు, నేను చూడట్లేదుగా."

"వాన తక్కువ, గాలి ఎక్కువ. ఉత్తరం నుంచి దిగే చలిగాలి. దానికో పేరుంది. చెప్పినా ఇంటికొచ్చేసరికి మర్చిపోతారు."

ఇరవై నిమిషాలు పాఠం జరిగింది. గోడ వైపు తిరిగి నిలబడ్డ మనిషినీ, ఆయన భుజం మీంచి తెలుగులో మాట్లాడే ఫోనునీ చూసి ఒక ముసలి జంట ఆగారు. ఇది ఏదో ప్రార్థన పద్ధతి అనుకున్నారో ఏమో, మొగాయన టోపీ తీశాడు. నేను ఇక ఉండబట్టలేక ఫోనులోకి తల పెట్టాను.

"టీచరుగారూ, మీరు చూసేశారుగా. ఇక ఆయన్ని తిరగమనండి."

"అవునండీ. చూశాగా. తిరగండి."

"నువ్వు చూసింది ఆరంగుళాల సముద్రం" అన్నారాయన గోడతో. "అసలుది నువ్వు పక్కన నిలబడి చూసినప్పుడు చూస్తాను."

అందుకు ఆవిడ "మీ ఇష్టం" అన్నారు. ఈసారి ఆ మాటలో మీదీ ఉంది, ఇష్టమూ ఉంది.

నేను ఆయన భుజాలు పట్టుకుని బలవంతంగా తిప్పబోయాను కూడా. కళ్ళు గట్టిగా మూసుకుని, "నాయనా, సిగ్నల్ జామింగ్ నేరం" అన్నారు. అలాగే కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగారు. సోమవారం కస్టమరు ఆఫీసులో ఆయన కుడి చెయ్యి పైకి లేవలేదు. ఏమైందని వాళ్ళు అడిగితే, ఆదివారమంతా యాంటెన్నా పట్టుకుని నిలబడ్డానన్నారు.

ఆ తర్వాత వెళ్ళడం కుదరలేదు. ఒక ఏడు మోకాలి ఆపరేషను, ఒక ఏడు కూతురి పురుడు. ఆవిడకి సిటిజన్‌షిప్ వచ్చి, కెనడా పాస్‌పోర్టు చేతికొచ్చి, ఆయన రిటైరై, ఇద్దరికీ టిక్కెట్లు చూసుకుంటున్న నెలలోనే ఆయన గుండె ఆగింది.

సంతాపసభ అయిన రెండు నెలలకు టీచరుగారు రమ్మని ఫోన్ చేశారు. వెళితే పెసరట్టు వేసి పెట్టి, ఎదురుగా నిలబడ్డారు.

"అమ్మాయి నాకు మార్సేకి టిక్కెట్టు కొంటానంటోంది. ఏమీ తేల్చుకోలేకపోతున్నాను. నిన్ను ఒక మాట అడగాలి తమ్ముడూ. ఆ రెండు రోజుల్లో ఎప్పుడైనా, ఒక్కసారైనా, ఆయన సముద్రం చూశారా? నిజం చెప్పు. దాన్నిబట్టి నేను వెళ్ళాలో మానాలో తేలుతుంది."

నేను అట్టు తుంచడం ఆపి లెక్క వేసుకున్నాను. చూడలేదంటే, భర్త చూడకుండా పోయిన దాన్ని నేనెలా చూస్తానని ఈవిడ ఇంట్లోనే ఉండిపోతారు. ఆ గోడ వైపు తిరిగిన వీపు ఈవిణ్ణి జన్మంతా వెంటాడుతుంది. చూశారంటే తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, నాలుగు తిట్టి, వెళ్ళి వస్తారు. పోయినాయన మాట తప్పారన్న నింద పడుతుంది నిజమే, కానీ ఆయన అడ్డం చెప్పడానికి రారు.

"చూశారండీ" అన్నాను. "ఆదివారం పొద్దున నన్ను లేపకుండా ఒడ్డుకి వెళ్ళారు. నేను అనుమానం వచ్చి వెనకే వెళ్ళాను. సముద్రంలోంచి సూర్యుడు పూర్తిగా పైకొచ్చేదాకా కదలకుండా నిలబడి చూశారు. మీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నారు."

"సముద్రంలోంచా?"

"సముద్రంలోంచే. ఎర్రగా, ఇంత పళ్ళెంలా. ఆయన మొహమంతా ఎరుపు."

ఆవిడ నా వంక ఒక్క క్షణం చూసి, పెనం వైపు తిరిగారు. ఇంకో అట్టు పోసి, అది కాలాక తిరగేశారు. "సరే అయితే. వెళ్తాను" అన్నారు. ఆ రోజు కారు నడుపుకుంటూ ఇంటికొస్తుంటే, నాలో ఇంత కథకుడున్నాడని ఇన్నాళ్ళూ గుర్తించని లోకం మీద జాలేసింది.

మొన్న అక్టోబరు నెలలో, ఆఫీసులో మధ్యాహ్నం భోజనం చేస్తుండగా ఫోన్ మోగింది. టీచరుగారు. వెనక గాలి హోరు.

"తమ్ముడూ, మార్సేలో ఉన్నాను. గట్టు మీద. ఇక్కడ పొద్దు సముద్రంలోకి దిగుతోంది."

"బావుందాండీ?"

"బావుంది. పొద్దున కొండల వెనకనుంచి వచ్చి, సాయంత్రం నీళ్ళలోకి దిగుతోంది. రోజూ అంతేనట. సముద్రంలోంచి పైకి రావడం ఎప్పుడైనా జరిగిందా అని హోటల్లో అడిగాను. లేదన్నారు."

చేతిలో ముద్ద మళ్ళీ డబ్బాలో పెట్టేశాను. బందరులో పుట్టి పెరిగినవాణ్ణి. సముద్రమంటే పొద్దు అందులోంచే పైకొస్తుంది. సముద్రానికి ఇంకో దిక్కు కూడా ఉంటుందని నాకు తోచలేదు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నేను ఏకంగా సూర్యుణ్ణే తప్పు వైపు అతికించాను.

"క్షమించండి టీచరుగారూ. ఇప్పుడు తెలిసి మీకెంత..."

"ఇప్పుడేంటి. నా వంటింట్లోనే తెలిసింది. పన్నెండేళ్ళు గీశానా ఒడ్డు. అది ఎటు తిరిగి ఉందో నాకు తెలీదా? ఆయన చూడలేదని అప్పుడే ఖాయమైపోయింది."

"మరి చూడలేదని తెలిసీ ఎలా వెళ్ళారండీ?"

"చూసేసి ఉంటే వచ్చేదాన్నే కాదు. ఆయన చూసి నా దగ్గర దాచిన సముద్రం నాకెందుకు? చూడకుండా నా కోసం దాచిన దాన్ని చూడకపోతే ఎలా?" అటు గాలి హోరు పెరిగింది. "ఇక పెట్టేయ్ తమ్ముడూ. ఇంకా సగం మునగాల్సి ఉంది."